కాళ్ళు కావలెను

కొట్టు కిటికీకి కాగితం అంటించారు:
"కాళ్ళు కావలెను. ఒక జత. శనివారం పొద్దున్న.
బూట్లతో పని లేదు."

విల్ఫ్ బాగ్‌షా మోకాలికి ఆపరేషనయింది.
నలభై ఒక్క ఏళ్ళు ఈ ఊరి బావి పండక్కి
మట్టి తొక్కిన కాళ్ళు
ఇప్పుడు ప్లాస్టిక్ స్టూలు మీద, కింద దిండేసుకుని.

చెస్టర్‌ఫీల్డ్ ఆసుపత్రిలో రాత్రంతా ఎక్స్‌రేలు తీసి
పాలు కొందామని ఆగినదాన్ని
ఆ కాగితం చదివాను.

"మీ వైపు అలవాటే కదా ఇదంతా"
అంది గ్వెన్ రెడ్‌ఫర్న్, ఎంతో మర్యాదగా.
మాది విజయవాడ, నాలుగో అంతస్తు.
వీధి చివర బురద కనబడితే
మా అమ్మ ఆటో పిలిచేది.
చెప్పలేదు. ప్యాంటు మడిచాను.

డార్బీషైర్ మట్టి జూన్‌లో కూడా
ఎముకను వెతుక్కుంటూ వస్తుంది.
తొట్టెలో మట్టి, నీళ్ళు, ఆరిపోకుండా ఇంత ఉప్పు.
కుర్చీలోంచి విల్ఫ్ కేక:
"మడమ! మడమతో! మునివేళ్ళతో కాదమ్మాయ్,
దాన్ని నిద్ర లేపకుండా దాటిపోవట్లేదు నువ్వు."

గంటన్నరకి మట్టి చప్పుడు మారింది.
ఆవు దూడని నాకినట్టు, బరువుగా, తడిగా.
విల్ఫ్ చెయ్యెత్తాడు. "అదీ."

ఏట్లో మూడు రోజులు నానిన చెక్కల మీద
ఆ మట్టి మెత్తి, మెత్తినదాని మీద కాగితం పరిచి,
సూదితో పొడుచుకుంటూ పోతే
ఒక పిట్ట.
తీతువు.
వీళ్ళ తీతువుకి తల మీద పిలక కూడా ఉంది.
పన్నెండేళ్ళ తర్వాత మళ్ళీ మిట్ట మీద గుడ్లు పెట్టిందట,
అందుకే ఈ ఏడు బొమ్మ దానిది.
మాకది కూస్తే కీడు.
ఇక్కడది కూయడమే కబురు.
ఇదీ చెప్పలేదు.

మూడు రాత్రులు, ఊరి హాల్లో, పదకొండు మందిమి.
రేకులు కింది నుంచి పైకి అతకాలి,
పెంకులు నేసినట్టు, ఒకదాని మీదొకటి,
వాన జారిపోవాలి కదా.
ప్లంబర్ కాలిన్ వేళ్ళు అరటికాయలంత,
ఆ వేళ్ళతో చిన్న పట్టకారు పట్టుకుని
హైడ్రేంజియా రేకుని ఊపిరి బిగబట్టి దించుతాడు.
ఇమోజెన్ బడి సర్టిఫికెట్‌కి పది గంటలు చాలు.
పదీ మొదటి రాత్రితో, రెండో రాత్రితో అయిపోయాయి.
మూడో రాత్రీ వచ్చింది,
ఎందుకని ఎవరూ అడగలేదు.

కంటి దగ్గర ఆగిపోయాం.
నలుపుకి తెచ్చిన కాయలన్నీ పిలకకే చెల్లాయి.
ఇంటికెళ్ళి ఆవాల డబ్బా తెచ్చాను.
అప్పుడు మొదలైంది.
నేలలో పుట్టినదే పెట్టాలని నియమం.
ఇది పుట్టింది నేలలోనే, కానీ వచ్చింది ప్యాకెట్లో.
ప్యాకెట్ ఎక్కడ పుట్టింది?
నలభై నిమిషాలు, రెండు కెటిళ్ళ టీ.
ఆరుగురు సరే, నలుగురు కాదు,
ఒకాయన నిద్రపోయాడు.

తీతువు చూసింది.

మూడో రోజుకి ఎవరో ఆ కన్ను తినేశారు.
బావి గట్టు మీద తోక ఊపుతూ జిట్టంగి ఒకటి,
తనకేం తెలియనట్టు.
డ్యూటీకి వెళ్ళే ముందు రోజూ ఆగేదాన్ని,
యూనిఫాం జేబులో చిటికెడు ఆవాలతో.

ఏడో రోజుకి రేకులు తేయాకు రంగైపోయాయి.
కాలిన్ పార తెచ్చాడు.
పిలక, రెక్క, కన్ను, అన్నీ ఒకే గీకుడుకి.
ఎవరి కళ్ళూ చెమర్చలేదు. బస్సు టైమవుతోంది.
మట్టిని మళ్ళీ పీపాలో వేసి
తడి గోనె కప్పాం.

ఈ మే నెలలో గోనె తీస్తే
అంచు వెంట, ఉప్పు అందని చోట,
ఆకుపచ్చగా, రెండేసి ఆకులతో, సన్నగా
తొమ్మిది ఆవ మొలకలు.

విల్ఫ్ కర్ర మీద వంగి చూశాడు.
ఒకటి తుంచి నోట్లో వేసుకున్నాడు.
"గుడ్డు శాండ్‌విచ్‌లోకి బావుంటుంది" అన్నాడు.
ఇంకోటి తుంచి నాకిచ్చాడు.

"ఊఁ, దిగు మరి."